మిద్దె మీద సౌర విద్యుత్తు: ముందు బిల్లు లెక్క చూడాలి

కదిరి: నంబులపూలకుంట మండలంలో ఎకరాల కొద్దీ పరచిన సౌర పలకలు 2016 నుంచి గ్రిడ్డుకు కరెంటు పంపుతున్నాయి. అదే ఎండ చుట్టుపక్కల పల్లెల మిద్దెల మీదా పడుతోంది. తమ మిద్దె మీద కూడా రెండు పలకలు వేయించుకుంటే బిల్లు బెడద తప్పుతుందని ఆశపడే ఇళ్ళు ఎన్నో వున్నాయి. ఆశ మంచిదే. కాని చేతిలో డబ్బు తక్కువగా వున్నవారు ముందు చూడవలసింది ఎండను కాదు, కరెంటు బిల్లును.

రెండు ఇళ్ళ లెక్క

ఒక కిలోవాటు పలకలకు నీడ పడని జాగా సుమారు 100 చదరపు అడుగులు కావాలి. ఎండ బాగా కాసే ఈ ప్రాంతంలో అవి రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్ల వరకు ఇస్తాయి. వానాకాలం మబ్బుల్లో తగ్గుతుంది.

నెలకు 200 యూనిట్లు వాడే ఇల్లు ఒకటి వుందనుకుందాం. రాష్ట్రంలో 2022లో అమలులోకి వచ్చిన శ్లాబుల ప్రకారం, ఇతర చార్జీలు కలపకుండా, దాని బిల్లు 867 రూపాయలు. ఒక కిలోవాటు పెట్టిస్తే లెక్కకు వచ్చేది 80 యూనిట్లే. బిల్లు 215 రూపాయలకు దిగుతుంది. ఏడాదికి దాదాపు 7,800 రూపాయలు మిగులుతాయి. సబ్సిడీ పోను చేతి నుంచి 35 వేలు పెట్టారనుకుంటే నాలుగున్నర ఏళ్ళలో ఆ డబ్బు తిరిగి వస్తుంది.

ఇక నెలకు 60 యూనిట్లే వాడే ఇల్లు. దాని బిల్లు 147 రూపాయలు. అది మొత్తం తప్పినా ఏడాదికి మిగిలేది 1,764 రూపాయలు. అదే 35 వేలు తిరిగి రావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. అప్పు చేసి పెడితే వడ్డీకే చాలదు. పక్కింటివారు పెట్టించారని చూసి పెట్టించేది కాదు ఇది.

సబ్సిడీ ఎంత?

కేంద్రప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన 'పీఎం సూర్యఘర్' పథకం కింద 1 కిలోవాటుకు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా 78 వేల రూపాయలు సబ్సిడీ వస్తుంది. పథకం వెబ్‌సైటులో దరఖాస్తు చేయాలి. అక్కడ పేరు నమోదైన సంస్థ చేతనే, మన దేశంలో తయారైన పలకలతోనే పెట్టించాలి. విద్యుత్తు శాఖవారు వచ్చి చూసి, నెట్ మీటరు బిగించిన తరువాతే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతవరకు పెట్టుబడి ఇంటివారిదే. 3 కిలోవాట్ల వరకు పూచీకత్తు లేకుండా బ్యాంకు రుణం దొరికే ఏర్పాటు కూడా వుంది.

కరెంటు పోతే ఇదీ పోతుంది

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. నెట్ మీటరు పద్ధతిలో బ్యాటరీ వుండదు. పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది, రాత్రి వాడుకున్నది దానికి చెల్లు పెడతారు. లైనులో కరెంటు పోయిందంటే ఇన్వర్టరు కూడా తనంతట తాను ఆగిపోతుంది. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్‌కు ఇంటి కరెంటు తగిలి ప్రాణం మీదికి రాకుండా చేసిన కట్టుదిట్టమిది. కనుక కోతలు తప్పించుకోవాలని పెట్టించేవారికి ఈ పద్ధతి పనికిరాదు.

బ్యాటరీతో చిన్న సెట్టు

కోతల బాధే ఎక్కువైతే, బ్యాటరీ వున్న చిన్న సెట్టు చాలు. దీనికి ఆ సబ్సిడీ వర్తించదు. అందువల్ల వాడకం తగ్గించడమే అసలైన పొదుపు.

60 వాట్ల పాత బల్బులు నాలుగు రోజుకు 5 గంటలు, 75 వాట్ల ఫ్యాను 10 గంటలు, 50 వాట్ల టీవీ 4 గంటలు వాడితే రెండు యూనిట్లు దాటుతుంది. బల్బుల బదులు 9 వాట్ల ఎల్‌ఈడీలు, ఫ్యాను బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే ముప్పాతిక యూనిట్ కూడా కాదు. దీనికి 330 వాట్ల పలక ఒకటి, 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి సరిపోతాయి. వాడకం తగ్గించకపోతే ఇవే మూడింతలు కావాలి.

సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చెడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోస్తూ జాగ్రత్తగా వాడినా కొన్నేళ్ళకు మార్చక తప్పదు. ఆ డబ్బు ఇప్పటినుంచే పక్కన పెట్టుకోవాలి.

పెట్టించే ముందు

పలక దక్షిణం వైపు కొద్దిగా వాలి వుండాలి. వేపకొమ్మ నీడ ఒక్క పలక మీద పడినా, దానితో కలిపిన మిగతా పలకల కరెంటు కూడా తగ్గవచ్చు. మట్టి మిద్దె, రేకుల ఇల్లు అయితే బరువుకూ గాలికీ తట్టుకుంటుందో లేదో మేస్త్రీకి చూపించాలి. ఎర్తింగ్ లేకుండా పని ముగించనివ్వరాదు. దుమ్మును తెల్లవారుజామున, పలకలు చల్లగా వున్నప్పుడు నీళ్ళతో కడగాలి.

కనీసం మూడుచోట్ల ధర అడగాలి. పలక ఎన్ని వాట్లు, ఏ కంపెనీ, గ్యారంటీ ఎన్నేళ్ళు అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. పలకకు సాధారణంగా 25 ఏళ్ళ గ్యారంటీ ఇస్తారు. ఇన్వర్టరుకు, బ్యాటరీకి అంత వుండదు. నోటిమాటను నమ్మి బయానా ఇవ్వరాదు.

అన్నిటికంటే ముందు గడచిన 12 నెలల బిల్లులు ముందు పెట్టుకుని ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. పలకలు పెట్టించాలో, బల్బులు మార్చాలో ఆ కాగితాలే చెబుతాయి.