నిద్ర పట్టకపోవడం అవిశ్వాసమా? అపోహలు – వాస్తవాలు

స్త్రీల కూడికలో సాక్ష్యాల వేళ ఒక మాట తరచుగా వినపడుతుంది: “నెలల తరబడి కంటి మీద కునుకు లేదు. అయ్యగారు ప్రార్థన చేశారు, ఆ రాత్రే హాయిగా నిద్రపోయాను.” అందరూ స్తోత్రం చెబుతారు. ఆ సాక్ష్యం నిజమే కావచ్చు. కానీ వెనక వరసలో కూర్చున్న ఇంకొకావిడ సంగతి ఆలోచించండి. ఆవిడా ప్రార్థించింది, శుక్రవారాలు ఉపవాసం ఉంది, నిద్ర మాత్రం రాలేదు. ఇంటికి వెళ్లేటప్పుడు ఒక అనుమానాన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్తుంది: లోపం నా విశ్వాసంలోనే ఉందేమో. నా లెక్కలో రాత్రుల్ని ఎక్కువగా పాడుచేసేది ఈ అనుమానమే. “ఎలాగైనా నిద్ర పట్టాలి” అని ఆరాటపడేకొద్దీ నిద్ర దూరమవుతుందని వైద్యులూ చెబుతారు.

అపోహ: నిజమైన విశ్వాసికి నిద్రలేమి ఉండదు.

ఇలా అనేవాళ్లు బైబిలు సగమే చదివారనుకోవాలి. యోబు ఎప్పుడు తెల్లవారుతుందా అని రాత్రంతా అటూ ఇటూ దొర్లాడు. దావీదు పేరున్న 6వ కీర్తనలో పరుపు కన్నీళ్లతో తడిసిపోతుంది. 77వ కీర్తనలో ఆసాపు, తన కళ్లు మూతపడనివ్వనిది దేవుడేనని దేవుడితోనే అంటాడు. పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రికలో తన కష్టాలు చెప్పుకుంటూ నిద్ర లేని రాత్రుల్ని రెండు చోట్ల ప్రస్తావించాడు. వీళ్లకు విశ్వాసం తక్కువని ఏ పాస్టరుగారూ అనలేరు.

ఇక హాయిగా నిద్రపోయినవాళ్లను చూడండి. హేరోదు తనను మర్నాడు జనం ముందుకు ఈడ్చబోతుంటే పేతురు చెరసాలలో ఇద్దరు సైనికుల మధ్య సంకెళ్లతోనే నిద్రపోయాడు. తుపాను రేగిన గలిలయ సముద్రం మీద దోనెలో యేసు నిద్రపోయాడు. సరే. యోనా కూడా తుపానులోనే గాఢనిద్ర పోయాడు, అదీ దేవుడి మాట తోసేసి పారిపోతున్న ఓడలో! మెలకువగా ఉండమని బతిమాలినా గెత్సేమనేలో శిష్యులు పడి నిద్రపోయారు. కాబట్టి నిద్రను బట్టి భక్తిని కొలవడానికి లేఖనాల్లో ఆధారం లేదు. 127వ కీర్తనను నిద్రకు హామీపత్రంలా వాడుతుంటాం గానీ, అక్కడ మందలింపంతా పెందలాడే లేచి పొద్దుపోయేదాకా దేవుణ్ణి పక్కన పెట్టి పడే ఆయాసం గురించి.

అపోహ: రోజూ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తోందంటే దేవుడే ప్రార్థనకు లేపుతున్నాడు.

లేపడని నేను అనను. షిలోహులో పిల్లవాడైన సమూయేలుకు పిలుపు వచ్చింది పడుకున్నాకే. అయితే మన శరీరం సంగతి కూడా తెలుసుకోవాలి. నిద్ర ఒకే పట్టున సాగదు; దాదాపు గంటన్నరకు ఒక చక్రం చొప్పున నడుస్తుంది. మధ్యలో వచ్చే చిన్న చిన్న మెలకువలు చాలావరకు గుర్తుండవు. తెల్లవారుజాముకు నిద్ర పలచబడుతుంది కాబట్టి అప్పటివి గుర్తుంటాయి. షుగరు అదుపులో లేనివాళ్లు, ప్రోస్టేటు సమస్య ఉన్న పెద్దవాళ్లు మూత్రానికి లేస్తారు. వీటన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది. రెండు వారాలకు పైగా చీకటితోనే మెలకువ రావడం, గుండెల్లో బరువు, అన్నం సయించకపోవడం, ఇష్టమైన పాట కూడా పాడబుద్ధి కాకపోవడం, ఇవన్నీ కలిస్తే అది డిప్రెషన్ కావచ్చు. అలాంటి మనిషితో “నువ్వు ధన్యురాలివమ్మా, దేవుడు నిన్ను విజ్ఞాపనకు పిలుస్తున్నాడు” అని చెప్పి పంపడం ప్రమాదం.

అపోహ: ఛాతీ మీద ఎవరో కూర్చుని నొక్కినట్టుంటే అది దురాత్మ పని.

ఈ అనుభవం వచ్చినవాళ్ల భయం ఉత్తది కాదు. కళ్లు తెరిచే ఉంటాయి, ఫ్యాను తిరగడం కనిపిస్తుంది, పక్కనే భర్త పడుకుని ఉంటాడు. పిలుద్దామంటే గొంతు పెగలదు, చెయ్యి కదలదు, గదిలో ఎవరో నిలబడినట్టు అనిపిస్తుంది. వైద్యులు దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు. కలలు వచ్చే దశలో మనం లేచి చేతులూ కాళ్లూ విసరకుండా కండరాలు బిగువు వదిలేస్తాయి. ఒక్కోసారి ఆ దశ పూర్తికాకముందే తెలివి వచ్చేస్తుంది. కొన్ని క్షణాలు, మహా అయితే రెండు మూడు నిమిషాలు. తర్వాత దానంతటదే వదిలిపోతుంది. నిద్ర చాలనివాళ్లకు, డ్యూటీ వేళలు మారేవాళ్లకు, వెల్లకిలా పడుకునేవాళ్లకు ఎక్కువగా వస్తుంది. ఆ క్షణంలో మనసులో ప్రభువు పేరు తలుచుకుంటే భయం తగ్గుతుంది, తలుచుకోండి. తలగడ కింద బైబిలు పెట్టుకున్నా పెట్టుకోవచ్చు. కానీ ఆ బైబిలు పగలు తెరవడానికి అన్న సంగతి మరవద్దు. ఇంట్లో ఏదో దోషముందని గది గదికీ నూనె చల్లించి, పిల్లల్ని హడలగొట్టవద్దు.

అపోహ: మాత్ర మింగితే విశ్వాసం తగ్గినట్టే.

పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన మిషనరీ అన్నా సారా కుగ్లర్ కూడా డాక్టరే. 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. తెలుగునాట సువార్త, స్టెతస్కోపు కలిసే నడిచాయి. ప్రార్థన చేసుకుని మందు వేసుకోవడంలో వింతేమీ లేదు.

అసలు ముప్పు వేరే ఉంది. ఆల్ప్రజోలం లాంటి మాత్రలు నెలల తరబడి వాడుతూ, స్వస్థత కూటంలో ప్రార్థన చేయించుకుని ఆ రాత్రే మానేసేవాళ్లున్నారు. ఒక్కసారిగా ఆపితే నిద్ర మరింత చెడుతుంది, వణుకు వస్తుంది, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. అలాగని మాత్రే మొదటి వైద్యం అనుకోవద్దు. దీర్ఘకాలపు నిద్రలేమికి ముందుగా అలవాట్లనూ ఆలోచనలనూ సరిచేసే సీబీటీ చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సిఫారసు చేసింది. రోజూ ఒకే వేళకు లేవడం, పక్కను నిద్రకే ఉంచుకోవడం, ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే చోట కూర్చోవడం అందులో భాగాలు. ఆ కుర్చీలో ప్రార్థన చేసుకుంటే ఎవరు కాదంటారు?

అపోహ: ఆరాధనలో కునికేవాడికి నిద్రమబ్బు ఆత్మ పట్టింది.

త్రోయలో పౌలు అర్ధరాత్రిదాకా ప్రసంగిస్తుంటే ఐతుకు అనే కుర్రాడు నిద్రలోకి జారి మూడో అంతస్తు కిటికీ నుంచి పడ్డాడు. పౌలు కిందికి దిగి వెళ్లాడు గానీ ఆ కుర్రాడికి ఏ ఆత్మనూ అంటగట్టలేదు. మన సంఘాల్లో ప్రతి ఆదివారం తూలిపడే పెద్దమనిషి రాత్రి ఇల్లదిరేలా గురక పెడుతూ, మధ్యమధ్య ఊపిరాగినట్టు ఉలిక్కిపడుతుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. బీపీ, గుండె మీద దెబ్బ కొట్టే జబ్బది. పరీక్ష చేయించండి.

అపోహ: ఎంత గట్టిగా, ఎంతసేపు ప్రార్థిస్తే అంత మంచి నిద్ర.

సౌండు బాక్సు పెట్టి అర్ధరాత్రిదాకా చేసే ప్రార్థన ఆత్మకు మంచిదేమో గానీ, ఆ రాత్రి నిద్రకు కాదు. పక్కింటివాళ్ల నిద్రకు అసలే కాదు. పడుకునే ముందు ప్రార్థన నెమ్మదిగా ఉండాలి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. లాటిన్‌లో జపమాల చెప్పించినప్పుడు 23 మంది ఆరోగ్యవంతుల ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు దగ్గరైంది. గుండె లయ కుదురుకుంది. యోగ మంత్రం చెప్పించినా అదే ఫలితం వచ్చింది, అది దాచడం న్యాయం కాదు. శరీరానికి మేలు చేసింది నెమ్మదైన ఊపిరి. ఇక రేపటి దిగులు ఎవరి చేతిలో పెట్టి పడుకుంటున్నామన్నది విశ్వాసం సంగతి.

ఆ దిగులును కాగితం మీద పెడితే ఇంకా మంచిది. టెక్సస్‌లో బాప్టిస్టులు స్థాపించిన బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకుల మీద చేసిన పరిశోధన 2018లో వెలువడింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు చేయాల్సిన పనులు రాసుకున్నవాళ్లు, చేసేసిన పనులు రాసినవాళ్లకంటే సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. మన ప్రార్థన విన్నపాల నోటుబుక్కు అందుకు చక్కగా పనికొస్తుంది. “పిల్లాడి ఫీజు”, “అత్తయ్య స్కానింగు” అని రాసి, ప్రార్థించి, పుస్తకం మూసేయండి. ఫోను మాత్రం వేరే గదిలో ఉంచండి, బైబిలు అందులోనే ఉన్నా సరే.

ఆమెన్ అనకముందే నిద్రపోతే పాపమని బాధపడేవాళ్లకు ఒక మాట. ప్రార్థనలో నిద్రపోతున్నందుకు తానేమీ దిగులు పడనని, పిల్లలు నిద్రపోతున్నా తల్లిదండ్రులకు ముద్దేనని లిజియు తెరేసమ్మ తన ఆత్మకథలో రాసుకుంది. కథోలిక సభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

వారంలో కనీసం మూడు రాత్రులు, మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే డాక్టరును కలవండి. మనసు బాగా కుంగితే అన్నాళ్లు ఆగవద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.