ఇంటర్వ్యూ ముందు కడుపు, తల మొరాయిస్తే..?

ప్లేస్‌మెంట్ల సీజన్‌ మొదలైతే హాస్టల్‌ గదుల్లో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ‘కడుపు పాడైందిరా’, ‘తల పగిలిపోతోంది’. టిఫిన్‌ మానేసి టీతో సరిపెట్టడం, రాత్రి రెండింటి దాకా కోడింగ్‌ ప్రాక్టీస్‌, బండి మీద నూడుల్స్‌... వెరసి సరిగ్గా రాతపరీక్ష రోజే ఒళ్లు మొరాయిస్తుంది. పక్క బెడ్‌ ఫ్రెండ్‌ ఇచ్చిన మాత్ర మింగేస్తాం. కానీ ఖాళీ కడుపుతో వేసుకున్న పెయిన్‌కిల్లర్‌ కడుపులో మంట పెట్టొచ్చు. అదే పనిగా వాడితే తలనొప్పినీ పెంచొచ్చు. అందుకే ఏది, ఎప్పుడు, ఎంత అన్నది తెలిసుండాలి.

విరేచనాలైతే ముందు ఓఆర్‌ఎస్‌

విరేచనాల్లో అసలు ప్రమాదం ఒంట్లోని నీరు, లవణాలు పోవడం. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగాలి. గ్లాసు నీళ్లలో కాస్త పొడి వేసుకోవడం లాంటి లెక్కలు వద్దు. ఓఆర్‌ఎస్‌ పేరుతో అమ్మే తియ్యటి డ్రింకులపై హైదరాబాద్‌ పిల్లల డాక్టర్‌ శివరంజని సంతోష్‌ ఏళ్ల తరబడి పోరాడారు. ఆ ఫార్ములా లేని పానీయాలపై ఓఆర్‌ఎస్‌ అన్న పేరే వాడొద్దని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది.

ప్యాకెట్‌ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీస్పూన్‌తో, తలకొట్టి కొలవాలి. తిండి మానొద్దు. మజ్జిగన్నం, ఇడ్లీ, అరటిపండు తేలిగ్గా అరుగుతాయి. వాము, జీలకర్ర నీళ్లు గ్యాస్‌కు కాస్త హాయినిస్తాయేమో కానీ, ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. జ్వరం, మలంలో రక్తం ఉన్నప్పుడు విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. ‘ఎందుకైనా మంచిది’ అని యాంటీబయాటిక్‌ అసలే వద్దు.

ఎసిడిటీకి పాంటోప్రజోల్‌ లాంటి మాత్ర టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. రెండు వారాలైనా మంట తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోవాలి.

మైగ్రేన్‌ అయితే ఆలస్యం వద్దు

చాలామందికి ఒక పక్క పోటు, వికారం, వెలుతురు పడకపోవడం మైగ్రేన్‌ లక్షణాలు. వైద్యం లేకుండా వదిలేస్తే 4 నుంచి 72 గంటలు వేధించొచ్చు. నొప్పి ముదిరితే జీర్ణాశయం నెమ్మదించి, మాత్ర పనిచేయడం ఆలస్యమవుతుంది. అందుకే మొదట్లోనే మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, చీకటి గదిలో పడుకోండి. వికారానికి అల్లం ముక్క కొందరికి పనిచేస్తుంది.

పారాసెటమాల్‌ అయితే 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ అది ఉంటుంది, స్ట్రిప్‌ వెనక చదివి లెక్కలో కలపండి. ఇబూప్రొఫెన్‌ అయితే ఏదైనా తిన్నాకే. అల్సర్‌, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఎవరైనా దాని జోలికి వెళ్లొద్దు.

మామూలు పెయిన్‌కిల్లర్లు నెలకు 15 రోజులు, కెఫీన్‌ లాంటివి కలిపిన కాంబినేషన్‌ మాత్రలు 10 రోజులు చొప్పున కొన్ని నెలలు వాడితే, ఆ వాడకమే తలనొప్పికి కారణమవుతుంది. కాబట్టి ఫోన్‌లో చిన్న లాగ్‌ పెట్టుకోండి. తేదీ, నిద్ర, భోజనం, కాఫీలు, వేసుకున్న మాత్ర... నెల తిరిగేసరికి మీ ట్రిగ్గర్‌ ఏంటో మీకే కనిపించొచ్చు. డాక్టర్‌కు చూపించడానికీ పనికొస్తుంది.

ఇలాగైతే ఆసుపత్రికే

* హఠాత్తుగా, ఎన్నడూ లేనంత తలనొప్పి
* జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, ఒక పక్క బలహీనత
* నల్లటి లేదా రక్త విరేచనం, మూత్రం బాగా తగ్గడం
* పొట్ట కుడి పక్క కింద తగ్గని నొప్పి
* ఛాతీలో బరువు, చేతికి పాకే నొప్పి. గ్యాసే అనుకోవద్దు, 108కి ఫోన్‌ చేయండి

ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి కొత్త మాత్రతో ప్రయోగాలు వద్దు. కొన్ని జలుబు, వాంతుల మాత్రలకు నిద్ర ముంచుకొస్తుంది. బ్యాగులో రెండు ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్లు, వాటర్‌ బాటిల్‌, మీకు ముందే పడిన మాత్ర ఉంటే చాలు. అప్పటికీ లేవలేకపోతే, స్లాట్‌ మార్చమని హెచ్‌ఆర్‌కు ముందుగానే మెయిల్‌ పెట్టండి. అడగడంలో తప్పేం లేదు.