మామ బండిలో కంప్యూటర్

మా మామకి ఇందుకూరుపేట మండలంలో, మైపాడు బీచ్‌కి పోయే దారిలో రొయ్యల గుంటలున్నాయి. అక్కడికి కార్లో వెళ్లడం తేలిక, తిరిగి రావడమే కష్టం. గుంటల మధ్య కట్ట మీద ఒక్క కారు పట్టేంత వెడల్పే ఉంటుంది. రెండు వైపులా నీళ్లు. బండి తిప్పుకునే చోటు ఉండదు కాబట్టి చివరిదాకా వెళ్లి, మళ్లీ రివర్స్‌లోనే వెనక్కి రావాలి. పగలు పర్వాలేదు. అర్ధరాత్రి రెండింటికి, వానలో, అద్దంలోంచి వెనక్కి చూస్తూ రావడం అంటే మాటలు కాదు.

పోయిన ఏడాది సెలవుల్లో మామ అడిగాడు. "అల్లుడూ, కంప్యూటర్లు చదవతా ఉండావు గదా, వెనకాల ఏముందో కనపడే టీవీ ఒకటి బండిలో పెట్టరాదా?"

షాపులో రెడీమేడ్ స్టీరియో కొని బిగిస్తే ఒక్క పూటలో అయిపోయే పని. నేను ఆ మాట చెప్పలేదు. "నేనే చేస్తా మామా" అన్నాను. సీఎస్‌ఈ రెండో సంవత్సరం కదా, అంత మాత్రం పొగరు ఉంటుంది. ఈ వ్యాసం ఆ పని ఎలా చేశానో, ఎక్కడ తప్పు చేశానో, మీరు చేస్తే ఆ తప్పు ఎలా తప్పించుకోవచ్చో చెప్పడానికి. నాది మొదటి నుంచీ ఇంగ్లీష్ మీడియం, తెలుగులో తప్పులుంటే క్లబ్ వాళ్లు దిద్దారనే అనుకుంటున్నా.

ముందు రంధ్రం కొలవండి

కార్లో టచ్ స్క్రీన్ కొత్త ఆలోచనేం కాదు. 1986లోనే అమెరికాలో బ్యూయిక్ రివియెరా అనే కార్లో పాతకాలం టీవీలాంటి చిన్న ట్యూబ్ పెట్టి, దాన్ని వేలితో నొక్కితే ఏసీ, రేడియో పనిచేసేలా చేశారు. ఇప్పుడు మనలాంటి వాళ్లు ఇంట్లో కూర్చుని చేయగలుగుతున్నామంటే కారణం రాస్ప్‌బెర్రీ పై. అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు, మొదటిది 2012లో వచ్చింది. నేను వాడింది నాలుగో మోడల్. ఇకనుంచి దాన్ని 'బోర్డు' అనే అంటాను.

దానికి వాళ్లే 2015లో 7 అంగుళాల టచ్ స్క్రీన్ విడుదల చేశారు. అదే తెప్పించాను. తెప్పించాకే కొలిచాను, అదీ నా మొదటి తప్పు. కార్లలో స్టీరియో పెట్టే రంధ్రానికి 'డిన్' అనే కొలత ఉంది. అది జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు నుంచి వచ్చింది. పెద్ద రంధ్రాన్ని డబుల్ డిన్ అంటారు, సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు. నా స్క్రీన్ బయటి అంచు 194 బై 110. చూసే భాగం మాత్రం 155 బై 86. అంటే బొమ్మ పడుతుంది, అద్దం పట్టదు.

డాష్‌బోర్డుని కోస్తే మామ నన్ను కోస్తాడు. అందుకని స్క్రీన్‌ని రంధ్రం లోపలికి తొయ్యకుండా, దాని ముందు ఫ్రేములా నిలబెట్టి, బోర్డు, వైర్లు మాత్రం రంధ్రంలో దాచాను. వెనక డోరు పైన యూఎస్‌బీ కెమెరా. యూఎస్‌బీ 2 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు అంటారు. మామది వ్యాగనార్, బండి పొడవే నాలుగు మీటర్లు లేదు కాబట్టి సరిపోయింది. పాటలు, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా ఎక్కించాను. మామ గుంటల దారులు ఆ మ్యాపులో లేవు, ఫోన్ పట్టుకుని నడిచి నేనే గీశాను.

సాఫ్ట్‌వేర్ అంతా రెండు రోజుల పని. నాకు అదే పెద్ద పని అనిపించింది. అసలు పని ఇంకా మొదలే కాలేదని అప్పటికి తెలియదు.

రెండు వైర్ల కథ

స్టీరియో వెనక చెయ్యి పెడితే చాలా వైర్లు వస్తాయి. మనకి కావలసినవి మూడు. ఒకటి ఎర్త్. రెండోది బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే 12 వోల్టులు, తాళం తీసినా ఉంటుంది. బయట అమ్మే స్టీరియోల్లో ఇది మామూలుగా పసుపు వైరు. మూడోది తాళం తిప్పితేనే వచ్చే 12 వోల్టులు, దాన్ని యాక్సెసరీ లైన్ అంటారు, మామూలుగా ఎరుపు. కంపెనీ వైరింగ్‌లో రంగులు వేరేగా ఉండొచ్చు కాబట్టి రంగుని నమ్మకండి, మల్టీమీటర్‌నే నమ్మండి.

పేరుకి 12 వోల్టులే గానీ, ఇంజిన్ నడుస్తుంటే 14 దాకా ఉంటుంది. సెల్ఫ్ కొట్టిన క్షణంలో 9కి, ఇంకా కిందకి కూడా పడుతుంది. అప్పుడప్పుడు చాలా పెద్ద స్పైకులు కూడా వస్తాయి. బోర్డుకేమో నిలకడగా 5 వోల్టులు, 3 ఆంపులు కావాలి. 4.6 దగ్గరికి పడితే స్క్రీన్ మూలలో మెరుపు గుర్తు వస్తుంది. అందుకే మధ్యలో బక్ కన్వర్టర్ పెట్టాలి. ఎక్కువ వోల్టేజీని తక్కువ చేసి, కింద మీద పడకుండా పట్టుకుంటుంది. దాని ముందు స్పైకుల్ని మింగే టీవీఎస్ డయోడ్, దానికంటే ముందు 5 ఆంపుల ఫ్యూజు. ఫ్యూజు లేకుండా బ్యాటరీ వైరు ముట్టుకోవద్దు. కార్లో షార్ట్ అయితే ఎగిరిపోయేది ఎమ్‌సీబీ కాదు, వైరే కాలుతుంది.

మొదట ఎర్ర వైరుకి కలిపాను. తాళం తిప్పితే ఆన్, తీస్తే ఆఫ్. చాలా నీట్‌గా ఉంది. కానీ తాళం తీసిన ప్రతిసారీ కంప్యూటర్‌కి కరెంటు పోయినట్టే కదా. మెమరీ కార్డు మీద ఏదో రాస్తూ ఉండగా కరెంటు పోతే సగం రాత మిగులుతుంది. మూడో రోజు బోర్డు పైకి లేవలేదు. కార్డు పాడైంది.

అప్పుడు నాకు తోచిన తెలివి ఏంటంటే, పసుపు వైరుకి కలపడం. కరెంటు ఎప్పుడూ పోదు, కార్డు పాడవదు. కాసేపటికి స్క్రీన్ దానంతట అదే నల్లబడేలా సెట్ చేశాను. చూసేవాళ్లకి ఆఫ్ అయినట్టే ఉంటుంది. షట్‌డౌన్ బటన్ సంగతి వచ్చే వారం చూద్దాం అనుకున్నా. శనివారం ఉదయం 8 గంటలకి బండి పెట్టి, మామకి చూపించి, ఆదివారం హాస్టల్‌కి వచ్చేశాను. మిడ్ పరీక్షలు.

ఆదివారం అర్ధరాత్రి

నవంబరు. మన వైపు అసలు వానలు పడే కాలం అదే. ఆదివారం రాత్రి దాటి రెండు గంటలకి గుంటల దగ్గర కాపలా ఉండే ఆయన మామకి ఫోన్ చేశాడు. కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ అయిపోవస్తోంది, తొందరగా రమ్మని.

ఇది ఎందుకంత తొందరో గుంటలు చూడని వాళ్లకి చెప్పాలి. నీళ్లలోని ఆల్గే పగలు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదీ ఊపిరి పీలుస్తుంది, రొయ్యలూ పీలుస్తాయి, తయారీ మాత్రం ఉండదు. అందుకని తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో చక్రాలు తిరుగుతూ నీళ్లని చిమ్మే ఏరియేటర్లే దిక్కు. అవి ఆగితే రొయ్యలు గాలి కోసం పైకి, అంచులకి వచ్చేస్తాయి. అలా ఎక్కువసేపు ఉండలేవు.

మామ డీజిల్ క్యాన్లు కార్లో పెట్టి తాళం తిప్పాడు. టక్ టక్ మని శబ్దం. అంతే. సెల్ఫ్ తిరగలేదు. మళ్లీ తిప్పాడు. నా స్క్రీన్ మాత్రం వెలిగిందట.

ఆ వానలో, ఆ బురదలో, క్యాను బైకుకి కట్టుకుని ఆరు కిలోమీటర్లు వెళ్లాడు. వెళ్లేసరికి జనరేటర్ ఆగిపోయి ఉంది. రొయ్యలు అంచుల్లో ఉన్నాయి. ఆ గుంటలో ఎంత పోయిందో మామ నాకు ఇప్పటికీ చెప్పలేదు. నేనూ గట్టిగా అడగలేకపోయాను. మర్నాడు ఫోన్‌లో ఒక్కటే అన్నాడు. "నీ టీవీ బాగుంది అల్లుడూ. బండే కదల్లా."

లెక్క వేస్తే

తర్వాతి వారం వెళ్లి మీటర్ పెట్టి కొలిచాను. స్క్రీన్ నల్లగా ఉన్నప్పుడు కూడా నా సెటప్ 0.45 ఆంపులు లాగుతోంది. శనివారం ఉదయం 8 నుంచి ఆ రాత్రి 2 దాకా 42 గంటలు. 42ని 0.45తో గుణిస్తే సుమారు 19 ఆంపియర్-అవర్లు. ఇలాంటి చిన్న పెట్రోలు కారు బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు 35. మామది మూడేళ్ల పాతది, అంతకంటే తక్కువే ఉంటుంది. అంటే సగం పైనే నేను తాగేశాను. పాటలు వినడానికి మిగిలిన సగం చాలు. సెల్ఫ్ తిప్పడానికి చాలదు, దానికి ఒక్కసారిగా వంద ఆంపులకి పైనే కావాలి. స్క్రీన్ వెలిగి సెల్ఫ్ తిరగకపోవడానికి కారణం అదే.

ఈ గుణకారం ఐదో తరగతి లెక్క. శనివారం ఉదయం రెండు నిమిషాలు కూర్చుని వేసుంటే సరిపోయేది. కోడ్‌లో ఒక్క సెమీకోలన్ పోతే కంపైలర్ అరుస్తుంది. బ్యాటరీ అరవదు.

ఆపడం నేర్పించడం

మనకి కావలసింది ఇది: తాళం తీయగానే బోర్డు పద్ధతిగా ఆగాలి, ఆగిన తర్వాత కరెంటు పూర్తిగా తెగిపోవాలి. రెండూ కావాలి. షట్‌డౌన్ చేసినా బోర్డు కొంచెం కొంచెం లాగుతూనే ఉంటుంది కాబట్టి మొదటిదొక్కటే చాలదు.

దీనికి రిలే వాడాలి. రిలే అంటే కరెంటుతో నొక్కే స్విచ్చు. పసుపు వైరు ఈ స్విచ్చు దాటి కన్వర్టర్‌కి వెళ్తుంది. ఆ స్విచ్చుని పట్టుకునే చేతులు రెండు. ఒకటి కారు తాళం, రెండోది బోర్డే. ఏ ఒక్కరు పట్టుకున్నా కరెంటు ఉంటుంది. ఇద్దరూ వదిలితేనే తెగుతుంది.

తాళం తిప్పితే ఎర్ర వైరు రిలేని పట్టుకుంటుంది, బోర్డు లేస్తుంది. లేవగానే తన పిన్ను ఒకదానితో అదీ రిలేని పట్టుకుంటుంది. తాళం తీస్తే మొదటి చెయ్యి వదిలేస్తుంది గానీ బోర్డు ఇంకా పట్టుకునే ఉంటుంది. ఆ లోపు ఎర్ర వైరు పోయిందని గమనించి, రాయాల్సింది రాసుకుని, షట్‌డౌన్ అయి, చివర్లో పిన్ను వదిలేస్తుంది. రిలే పడిపోతుంది. మన ఇళ్లలో అందరికంటే చివర పడుకునే వాళ్లు లైట్లు తీసేసి పడుకున్నట్టు.

మూడు జాగ్రత్తలు. బోర్డు పిన్నులు 3.3 వోల్టులే తట్టుకుంటాయి, 12 తగిలితే అక్కడికక్కడే పోతుంది. కాబట్టి ఎర్ర వైరు సంగతి ఆప్టోకప్లర్ ద్వారా చెప్పాలి, అది మధ్యలో వెలుతురుతో కబురు పంపుతుంది. పిన్ను రిలేని నేరుగా లాగలేదు, మధ్యలో ట్రాన్సిస్టర్ కావాలి. రిలే కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఉండాలి, లేకపోతే రిలే వదిలినప్పుడు వచ్చే స్పైకు ఆ ట్రాన్సిస్టర్‌ని చంపుతుంది. ఒక లోపం ఇంకా ఉంది. షట్‌డౌన్ అవుతుండగానే మళ్లీ తాళం తిప్పితే బోర్డు లేవదు, ఒకసారి తీసి కాసేపు ఆగి తిప్పాలి. మామకి చెప్పాను.

ఉప్పు గాలి, ఎండ

సముద్రం పక్కన ఇంకో శత్రువు చిలుము. రెండు నెలల్లో నా ఎర్త్ బోల్టు దగ్గర రాగి పచ్చబడింది, కెమెరా బొమ్మ వణకడం మొదలైంది. గీకి, కొత్త టెర్మినల్ వేసి, గ్రీజు పూశాక ఆగింది. విడిగా మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు మన తీరంలో నిలవవు. సోల్డర్ చేసి స్లీవ్ వేయండి. ఎండలో బోర్డు 80 డిగ్రీలు దాటితే వేగం తగ్గించుకుంటుంది, హీట్ సింక్ పెట్టండి. మధ్యాహ్నం ఎండలో పెట్టిన బండిలో మాత్రం ఏం పెట్టినా కాసేపు ఓపిక పట్టాలి.

ఏసీ, వైపర్, హజార్డ్ లైట్లు స్క్రీన్‌లోకి తేవాలని నాకూ ఆశ పుట్టింది. తేలేదు. యూరప్‌లో కార్లకి సేఫ్టీ స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ లాంటి వాటికి అసలు బటన్లు ఉండాలంటోంది. బటన్‌ని చెయ్యి వెతుక్కుంటుంది, స్క్రీన్‌ని కన్నే వెతకాలి. కట్ట మీద కన్ను రోడ్డు మీదే ఉండాలి.

మీరు చేసేటట్టయితే మొదట కొనాల్సింది స్క్రీన్ కాదు, మల్టీమీటర్. అంతా బిగించాక తాళం తీసి, డోర్లు వేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి మధ్యలో మీటర్‌ని 10 ఆంపుల రేంజిలో పెట్టండి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు. ఐదారు నిమిషాలాగి చూస్తే 0.05 లోపు ఉండాలి. మామ బండి ఇప్పుడు 0.02 చూపిస్తోంది. అది కారు సొంత ఖర్చు, నాది సున్నా.

సంక్రాంతికి బండిని కావాలనే మూడు రోజులు తియ్యకుండా ఉంచాం. నాలుగో రోజు పొద్దున్నే, నేనింకా పడుకునే ఉన్నా, మామ ఫోన్. ఏం మాట్లాడలేదు. ఫోన్ ఇంజిన్ దగ్గర పెట్టాడు.