రైతు సైకిలు: ఇంటివద్ద చేసికొనదగిన మరమ్మతులు

గత వర్షకాలమున నొక యుదయము బందరు కాలువగట్టు మీదుగా పొరుగు గ్రామమునకు సైకిలుపై పోవుచుంటిని. నారుమడి ప్రదర్శనకొఱకు శుద్ధిచేసిన వరివిత్తనములు 20 కిలోల సంచి వెనుక క్యారియరునకు కట్టియుంటిని. గట్టు దిగుచోట ఏటవాలు కలదు. సగము దిగునప్పటికి గడ్డిమోపు నెత్తినిడుకొని యొక ముసలమ్మ దారికడ్డముగా వచ్చెను. వెనుక బ్రేకు పట్టితిని. టక్కుమని చప్పుడైనది, రబ్బరు ముక్క యెగిరి నీటిలో పడినది, బండి మాత్రము నిలువలేదు. ముందు బ్రేకు పట్టుదమన్న నది యూడి మూడు మాసములైనది. చేయునది లేక బండిని ప్రక్కనున్న బోదెలోనికి త్రిప్పితిని. ముసలమ్మకు దెబ్బ తగులలేదు. నా మోచేయి చీరుకొనిపోయినది. సంచి పగిలి విత్తనములన్నియు బురదపాలైనవి. నాకొఱకు పనులు మానుకొని వేచియున్న రైతులకు ఆనాడు నేను చూపగలిగినది నా బురదబట్టలు మాత్రమే.

ఇందు సిగ్గుపడవలసిన సంగతి యేమనగా, ఆ బ్రేకు రబ్బరును ముందునాటి సాయంకాలము నేనే స్వహస్తములతో మార్చియుంటిని. దుకాణమునకు పోనక్కఱలేకపోయెనని ఇంటిలో గొప్పగా చెప్పుకొంటిని కూడ. ఆ మధ్యాహ్నము బండిని నడిపించుకొనిపోయి మా యూరి మరమ్మతుదారునకు చూపగా, అతడు వంగి యొక్కమాఱు చూచి, “అయ్యా, మూసినవైపు ఎదురుగా పెట్టారు. చక్రమే రబ్బరును ఈడ్చుకుపోయింది” అని నవ్వెను. విషయమింతే. రబ్బరు దిమ్మను పట్టియుంచు ఇనుప తొడుగునకు ఒక కొన తెఱచియు, రెండవ కొన మూసియు నుండును. తెఱచిన కొననుండి రబ్బరును లోనికి దూర్చుదురు. బ్రేకు పట్టినప్పుడు తిరుగుచున్న రిమ్ము ఆ రబ్బరును తనతో కూడ లాగుకొనిపోజూచును. కావున రిమ్ము ఆ చోట నే దిక్కునకు పరుగిడుచున్నదో ఆ దిక్కుననే మూసిన కొన యుండవలయును. నేను తొడుగును తిరగవేసి బిగించితిని. చిన్న పనియే; కారణ మెఱుగక చేసితిని.

సంఘమునకు పాలు తెచ్చువారిలోను, ఎరువుల సంచులు ఇంటికి చేర్చుకొనువారిలోను సైకిలుపై వచ్చు సభ్యులు పలువురు కలరు. సైకిలు పనులలో చాలభాగము ఇంటి వసారాలోనే చేసికొనవచ్చుననియే నేటికిని నా యభిప్రాయము. అయితే ఏ పని యెందులకు చేయుచున్నామో తెలిసికొని చేయవలయును. నా మోచేతి గాయము మానిన తరువాత నేర్చుకొన్న కొన్ని సంగతులను సోదర సభ్యులకు మనవి చేయుచున్నాను.

మొదట బ్రేకుల మాట ముగింతును. ముందు బ్రేకు పట్టిన బోర్లపడుదుమను భయముచే దానిని ఊడదీసి తిరుగువారు మనలో ననేకులు. నేనును అట్టివాడనే. నిజమునకు బండి వేగము తగ్గునప్పుడు బరువు ముందుచక్రముపైకి మొగ్గును. వెనుకచక్రము తేలికపడి జాఱజూచును. అందుచే బండిని నిలుపు శక్తి ముందు బ్రేకునకే హెచ్చు. రెండింటిని కలిపి, మెల్లగా బిగించుచు పట్టుట సరియైన పద్ధతి. వానలో ఉక్కు రిమ్ము గలవారు మఱింత జాగ్రత్తగా నుండవలయును. తడిసిన ఉక్కుపై రబ్బరు మొదట నీటిని తుడుచుటకే సరిపోవును. పట్టు తరువాత గాని రాదు. కావున వాలు రాకముందే ఒకటి రెండు మాఱులు బ్రేకును తేలికగా తాకించి రిమ్మును తుడిచికొని, పిమ్మట దిగవలయును. రబ్బరులో గ్రుచ్చుకొన్న ఇసుక రేణువులను సూదితో తీసివేయవలెను. లేనిచో అవి రిమ్మును చెక్కివేయును.

పనిముట్లు పెద్దగా నక్కఱలేదు. పానాలు, సన్నని కోను పానా యొకటి, టైరు తీయు బద్దలు రెండు, పంక్చరు సామగ్రి, గాలిపంపు, నూనెడబ్బా, అరిగిపోయిన పండ్లకుంచె, పాతగుడ్డలు చాలును. నూనె విషయమున నొక మాట. బండి ఇరుసునకు కందెన పెట్టిన తాతల అలవాటు చొప్పున కొందఱు చెయినుకు చేతికందిన వంటనూనె పోయుదురు. అది గాలి తగిలి కొంతకాలమునకు జిగురుగా మాఱి దుమ్మును పట్టియుంచును. దుమ్మును నూనెయు కలిసిన ముద్ద ఆకురాయి వంటిది. చెయినును రాత్రింబవళ్లు అరుగదీయును. మొదట కొంచెము డీజిలు తడిపిన గుడ్డతో చెయినును శుభ్రపఱచి, ఆరిన పిమ్మట యంత్రపు నూనెను ఒక్కొక్క దొర్లుడు కీలునకు ఒక్కొక్క చుక్క చొప్పున వేసి, పది నిమిషములాగి, పైనున్న నూనెనంతయు తుడిచివేయవలయును. నూనె కావలసినది లోపల. పైని మెఱపునకు కాదు. టైరునకు గాని, బ్రేకు రబ్బరునకు గాని చుక్కయైన తగులరాదు.

చెయిను సాగినదందురు. వాస్తవమునకు ఇనుము సాగదు. ప్రతి కీలునందును పిన్నును దాని గూడును రవంత అరిగి, ఆ రవంతలన్నియు కూడి పొడవు పెరుగును. కీలు దూర మంతటను అర అంగుళమే గాన దీనిని అడుగుబద్దతో కొలువవచ్చును. బద్ద మొదటి గీతను ఒక పిన్ను నడిమి బిందువున నుంచి చూచినచో, క్రొత్త చెయినున 12 అంగుళముల గీత సరిగా మఱియొక పిన్ను నడిమిని పడును. ఆ పిన్ను గీతను దాటి అంగుళములో పదునాఱవ వంతు పోయినచో చెయిను మార్చవలయును. ఎనిమిదవ వంతు పోయినచో ఆలస్యమైనది. అప్పటికి ఫ్రీవీలు పండ్లును కొక్కెములవలె అరిగియుండును గాన రెండును మార్చవలసివచ్చును. అరిగిన పండ్లపై క్రొత్త చెయిను ఎగిరిపడును. సకాలమున చెయినొక్కటి మార్చినవాడు ఫ్రీవీలు వెల మిగుల్చుకొనును. ఈ దొర్లుడు కీలు చెయినును హాన్సు రెనాల్డు 1880లో మాంచెష్టరులో కనిపెట్టెను. నేటికిని మన సైకిళ్లపై తిరుగునది ఆ తరగతిదే. చెయిను కలుపు కీలుపైనుండు స్ప్రింగు పట్టీకి కూడ ఒక కొన మూసియుండును. ఆ మూసిన కొన చెయిను పోవు దిక్కునకే యుండవలయును. నాకిపుడు మూసిన కొన కనబడినచోటనెల్ల మోచేయి జ్ఞప్తికి వచ్చును.

పంక్చరు వేయుట చాలమందికి తెలిసినదే. తెలిసియు మఱచునది యొకటి కలదు. ట్యూబునకు పట్టీ వేసి వెంటనే టైరు తొడుగుదురు. పల్లేరుకాయ ముల్లో, తుమ్మముల్లో టైరు లోపలనే నిలిచియుండును. మైలు పోకముందే మఱల గాలి పోవును. టైరు లోపలివైపు నంతటిని వ్రేలితో మెల్లగా తడిమి చూచిన తరువాతనే ట్యూబు నెక్కింపవలయును. పంక్చరు లేకయే రోజు రోజునకు గాలి తగ్గుచున్నచో పాతరకపు వాల్వులోని సన్నని రబ్బరు గొట్టమును మార్చి చూడుడు. అది ఎండకు బీటలు వాఱును.

టైరు కొనుటలో నేనొకమాఱు మోసపోతిని. మోసగించినది నా తొందరపాటే. పట్టణమునుండి “28” అను అంకె చూచి టైరొకటి తెచ్చితిని. ఒక గంటసేపు బద్దలతో పెనగులాడినను రిమ్ముపై కెక్కలేదు. తరువాత తెలిసినదేమనగా, 28 అంగుళములని పిలువబడు టైరులు ఒక్క కొలతవి కావు. మన పాత పెద్ద సైకిలు రిమ్మునకు సరిపడునది 28 × 1½. దాని యంచు వ్యాసము 635 మిల్లీమీటర్లు. ఇప్పటి సన్నటైరు సైకిళ్ల 700సి కొలత యంచు వ్యాసము 622 మిల్లీమీటర్లు. 13 మిల్లీమీటర్ల భేదమును ఏ బద్దయు జయింపజాలదు. టైరు ప్రక్కన 40-635 యనియో, 28-622 యనియో అచ్చొత్తియుండును. అందు రెండవ అంకెను పాత టైరుతో పోల్చి చూచి కొనవలయును.

ఇరుసు గుండ్ల సంగతి. చక్రమును చేతపట్టి ప్రక్కలకు కదల్చినప్పుడు టకటకమనినచో కోను వదులైనది. గాలిలో నెత్తి త్రిప్పినప్పుడు గరగరమనినచో లోపల మట్టి చేరినది, లేదా గుండ్లు చెడినవి. సాధారణముగా వెనుక ఇరుసున పావు అంగుళపు గుండ్లు ప్రక్కకు 9, ముందు ఇరుసున అంగుళములో పదునాఱింట మూడు వంతుల గుండ్లు ప్రక్కకు 10 ఉండును. విప్పునప్పుడు క్రింద గోనెపట్టా పఱచుకొనుట మఱువకుడు. మా యింట రెండు గుండ్లు గడపక్రింది కలుగులో నేటికిని కలవు. ఒక గుండు చెడినచో అన్నింటిని మార్చవలెను. క్రొత్తదానికిని పాతవానికిని పరిమాణము సమముగా నుండదు గాన బరువంతయు క్రొత్తదానిపైననే పడును. కోనును ప్రక్కకదలిక పోవునంతవఱకే బిగింపవలయును. సరిగా బిగిసిన చక్రము వాల్వు బరువునకే మెల్లగా తిరిగి, వాల్వు అడుగునకు వచ్చి నిలుచును. పెడలు విప్పువారు ఎడమ పెడలు మర తిరగవేసి యుండునని జ్ఞప్తియందుంచుకొనవలెను. బలము చూపి పాడుచేసినవారిని నేనెఱుగుదును.

వంగిన ఫోర్కు, నెఱ్ఱెవిచ్చిన చట్రము, బాగుగా వంకరపోయిన చక్రము, నడిమి ఇరుసు గిన్నెలు, ఇవి దుకాణమునకు వదలుడు. వెనుకచక్రమునకు 40, ముందుచక్రమునకు 32 చువ్వలుండు మన పాత బండిలో ఒక చువ్వ బిగించిన ఎదుటి చువ్వల బిగువు మాఱును. ఆ లెక్క చేతికి రావలెనన్న సంవత్సరములు పట్టును. అట్టి పనికి ఆ మరమ్మతుదారుడడిగిన కూలి నిచ్చుటకు నేను బేరమాడను.

ఇక మార్పుల విషయము. అద్దములు, కుచ్చులు, రంగు చువ్వలు కొనువారిని నేను వారింపజాలను గాని, అదే పైకముతో త్రొక్కుట తేలిక చేసికొనవచ్చును. ముందు పండ్లచక్రపు పండ్లను ఫ్రీవీలు పండ్లచే భాగించి, చక్రపు అంగుళములచే గుణింపుడు. 44 పండ్లు ముందు, 18 పండ్లు వెనుక, 28 అంగుళముల చక్రమైనచో 68 వచ్చును. అనగా పెడలొక్కమాఱు తిరిగిన బండి దాదాపు 18 అడుగులు పోవును. ఫ్రీవీలును 22 పండ్లదానిగా మార్చినచో 56 వచ్చును; బండి 14½ అడుగులకు కొంచెమెక్కువ పోవును. ఖాళీబండికిది నెమ్మది. రెండు పాలక్యానులు కట్టుకొని ఎదురుగాలిలో గట్టెక్కువానికి మోకాళ్లు మిగులును. నాలుగు పండ్లు పెరిగినందుకు చెయిను ఒక అంగుళము హెచ్చు కావలెను. లేదా ఇరుసు కన్నమున చోటున్నచో వెనుకచక్రమును అర అంగుళము ముందునకు జరుపవలయును. మూడు వేగముల ఇరుసు వేయించుకొనవచ్చును గాని ఖర్చు హెచ్చు. స్టర్మీ ఆర్చరువారు 1902లో ఆరంభించిన ఆ తరహా ఇరుసులు 2000 తరువాత తైవానున తయారగుచున్నవి. అందు వాడుకలోనున్న రకమున తక్కువ వేగము నడిమిదానిలో మూడుపాళ్లు మాత్రమే. పైని చెప్పిన 68 దానితో 51 అగును.

మా వసారాలో నా బండి ప్రక్కనే మా మేనల్లుని సన్నటైరు రోడ్డు సైకిలు నిలిచియుండును. దాని హేండిలు పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగియుండును. వాడు దానికి కార్బను సామానులేవో కొనవలెనని తలచుచుండెను. అడుగుబద్ద పెట్టి చూడగా వాని చెయిను పదునాఱవ వంతు దాటియుండెను. చెయిను సన్ననిదైనను కీలు దూరము అదే అర అంగుళము గాన కొలతయు అదియే. బ్రేకు రబ్బరులపైనుండు గాడులు అరిగి మాయమైనవి. చేతి బ్రేకు దగ్గఱ లోపలి తీగ పోగులు విడిపోయినవి. ముందు ఈ మూడును మార్పుమంటిని. ఆ తరువాత 25 మిల్లీమీటర్ల టైరుల స్థానమున 28 మిల్లీమీటర్లవి వేసితిమి. చట్రమునకును టైరునకును ఇరుప్రక్కల మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడము మిగిలినది గాన వీలుపడినది. వెడల్పు టైరునకు గాలి కొంత తక్కువ చాలును. మన గతుకుల రోడ్డుమీద కుదుపు తగ్గును. కార్బను మాట వాడు మఱల నెత్తలేదు. జీతము వచ్చిన తరువాత నెత్తునేమో.

వచ్చే నెల పాలపైకము చెల్లించునాడు సంఘ భవనము ముందఱి వేపచెట్టు క్రింద నా బండిని విప్పి చూపెదను. అడుగుబద్దయు నూనెయు నేను తెచ్చెదను. ఎవరి పానాలు వారు తెచ్చుకొనవలయును. బ్రేకు తొడుగులు ఎటువైపు మూసియున్నవో మాత్రము అందాక ఆగక ఈ సాయంకాలమే చూచుకొనుడు.