జంట కేబుళ్లు – ఒకే బాట
స్విచ్‌లలో లింక్ అగ్రిగేషన్: అమరిక, పర్యవేక్షణ

నేడు మన కర్మాగారాలలో, కార్యాలయాలలో కంప్యూటరు లేని బల్ల కనిపించడం అరుదు. ఉదయం గేటు వద్ద హాజరు నమోదు మొదలుకొని స్టోర్సులో సరకు జారీ, వేబ్రిడ్జి వద్ద లారీ తూకం, నెలాఖరున జీతాల బిల్లు వరకు సమస్తమూ నెట్‌వర్కు మీదనే నడుస్తున్నాయి. ఒక భవనాన్ని కంప్యూటర్ సెంటరుతో కలిపే కేబుల్ తెగిందంటే ఆ భవనంలోని వారందరి పనీ ఒక్కసారిగా నిలిచిపోతుంది. అందుకే ముఖ్యమైన చోట్ల ఒకటికి రెండు కేబుళ్లు వేసి, రెండింటినీ ఒకే బాటగా జోడించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. దీనినే లింక్ అగ్రిగేషన్ అంటారు. ఇది ఏమిటి, స్విచ్‌పై ఆదేశాల ద్వారా దీనిని ఎలా అమర్చాలి, అమర్చిన పిదప ఎలా కనిపెట్టి ఉండాలి అన్న విషయాలను సోదర ఉద్యోగుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. అమర్చడం కొద్ది నిమిషాల పని. కనిపెట్టి ఉండడం ఏడాది పొడవునా సాగవలసిన పని. ఈ రెండవదానికే ఎక్కువ శ్రద్ధ కావాలని మేము భావిస్తున్నాము.

జోడించడం ఎందుకు?

రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు ఊరికే తగిలిస్తే లాభానికి బదులు నష్టమే కలుగుతుంది. అందరినీ ఉద్దేశించి పంపే బ్రాడ్‌కాస్ట్ సందేశం ఒక కేబుల్‌పై వెళ్లి రెండవ కేబుల్‌పై తిరిగివచ్చి, గానుగెద్దు వలె అంతులేకుండా తిరుగుతూనే ఉంటుంది. కొద్ది క్షణాలలో నెట్‌వర్కు అంతా ఆ సందేశాలతోనే నిండిపోతుంది. ఈ ప్రమాదాన్ని నివారించడానికి 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే శాస్త్రవేత్త స్పానింగ్ ట్రీ విధానాన్ని రూపొందించారు. ఈ విధానం రెండు దారులలో ఒకదానిని మూసి ఉంచుతుంది. నెట్‌వర్కు క్షేమంగా ఉంటుంది గాని, డబ్బు పోసి వేసిన రెండవ కేబుల్ పనిలేక పడి ఉంటుంది.

రెండు కేబుళ్లనూ ఒకే లింకుగా స్విచ్ భావించేటట్లు చేయగలిగితే ఈ చిక్కు తీరిపోతుంది. స్పానింగ్ ట్రీకి అక్కడ కనిపించేది ఒకే దారి, కనుక మూసే అవసరం రాదు. రెండూ పనిచేస్తాయి, ఒకటి పోయినా రెండవది నడుస్తూనే ఉంటుంది.

ఈ ఆలోచన పుట్టుకలో మన దేశీయులకు ఆసక్తి కలిగించే విశేషం ఒకటి ఉన్నది. అమెరికాలో భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్‌తో కలిసి స్థాపించిన కంపెనీ పేరు ‘కల్పన’. అది భరద్వాజ్ సతీమణి పేరు. తొలి ఈథర్‌నెట్ స్విచ్‌ను విపణిలోకి తెచ్చిన ఘనత ఆ కంపెనీదే. లింకులను జోడించే ‘ఈథర్‌ఛానెల్’ పద్ధతి కూడా అక్కడే రూపుదిద్దుకున్నది. 1994లో సిస్కో సంస్థ ‘కల్పన’ను కొనుగోలు చేసింది. తరువాత 2000లో, వేర్వేరు తయారీదారుల స్విచ్‌లు సైతం కలిసి పనిచేసేందుకు వీలుగా 802.3ఏడీ అనే ఉమ్మడి ప్రమాణం వెలువడింది. 2008లో అది 802.1ఏఎక్స్ అనే ప్రమాణంగా మారింది. ఇందులో రెండు స్విచ్‌లు పరస్పరం మాట్లాడుకునే విధానానికి ఎల్‌ఏసీపీ అని పేరు.

వేగం రెట్టింపు అవుతుందా?

ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. రెండెడ్లు కట్టినంత మాత్రాన బండి వేగం రెట్టింపు కాదు. మోయగల బరువు పెరుగుతుంది. ఇక్కడా అంతే. రెండు గిగాబిట్ లింకులను జోడిస్తే మొత్తం సామర్థ్యం రెండు గిగాబిట్లు. కాని ఒక కంప్యూటరుకూ ఒక సర్వరుకూ మధ్య సాగే ఒక ఫైలు బదిలీ మాత్రం ఒక లింకు మీదనే వెళుతుంది. ఒక గిగాబిట్‌ను మించదు. ఒకే సంభాషణకు చెందిన ముక్కలు రెండు దారులలో వెళితే వెనుకవి ముందు చేరి వరుస తప్పే అవకాశం ఉన్నందున ఈ ఏర్పాటు చేశారు.

ఏ సంభాషణ ఏ లింకు మీద వెళ్లాలో స్విచ్ ఒక లెక్క ప్రకారం నిర్ణయిస్తుంది. ఆ లెక్కను సులభంగా ఇలా ఊహించుకోవచ్చు. పంపేవారి చిరునామా, అందుకునేవారి చిరునామా రెండూ సరి సంఖ్యలైనా, రెండూ బేసి సంఖ్యలైనా మొదటి లింకు. ఒకటి సరి, మరొకటి బేసి అయితే రెండవ లింకు. ఈ లెక్కకు పంపేవారి చిరునామాను మాత్రమే ఆధారం చేసుకుంటే, ఒకే రౌటరు వెనుకనుండి వచ్చే సందేశాలన్నీ ఒకే లింకు మీద పడి, రెండవది ఖాళీగా ఉండిపోవచ్చు. ఇరుపక్షాల ఐపీ చిరునామాలనూ లెక్కలోకి తీసుకునే పద్ధతి సాధారణంగా మేలు. ప్రస్తుతం ఏ పద్ధతి అమలులో ఉన్నదో ‘షో ఈథర్‌ఛానెల్ లోడ్-బ్యాలెన్స్’ అన్న ఆదేశం తెలుపుతుంది.

అమరిక

సిస్కో స్విచ్‌లలో వాడే ఆదేశాలను ఉదాహరణగా తీసుకుందాం. చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాము. స్విచ్‌పై వీటిని ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి.

ముందుగా, జోడించబోయే పోర్టులన్నింటి వేగం, డూప్లెక్స్, వాటిపై వెళ్లే వీల్యాన్‌లు ఒకే విధంగా ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. ఒకటి గిగాబిట్, మరొకటి వంద మెగాబిట్లు అయితే జత కుదరదు. ఆ తరువాత:

కాన్ఫిగర్ టెర్మినల్
ఇంటర్‌ఫేస్ రేంజ్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/1 - 2
షట్‌డౌన్
ఛానెల్-గ్రూప్ 1 మోడ్ యాక్టివ్
నో షట్‌డౌన్
ఇంటర్‌ఫేస్ పోర్ట్-ఛానెల్ 1
స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్

‘ఛానెల్-గ్రూప్’ ఆదేశం ఇవ్వగానే ‘పోర్ట్-ఛానెల్ 1’ అనే ఉమ్మడి పోర్టు ఏర్పడుతుంది. ఇకమీదట వీల్యాన్ వంటి మార్పులు ఏవైనా ఆ ఉమ్మడి పోర్టుపైనే చేయాలి. అవి సభ్య పోర్టులకు వాటంతట అవే సంక్రమిస్తాయి. సభ్య పోర్టులను విడివిడిగా మారిస్తే వాటి మధ్య పొంతన చెడి, ఒకటి జట్టునుండి తొలగిపోతుంది. చివరగా ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్’ అని భద్రపరచుకోవాలి. లేనిచో కరెంటు పోయి వచ్చిన మరుక్షణం శ్రమ అంతా వృథా అవుతుంది.

రెండవ చివర ఉన్న స్విచ్‌లోనూ ఇదే విధంగా చేయాలి. ‘యాక్టివ్’ అంటే తానే ముందుగా పలకరించేది; ‘ప్యాసివ్’ అంటే ఎదుటివారు పలకరిస్తే బదులు చెప్పేది. రెండు వైపులా ‘ప్యాసివ్’ పెడితే ఎవరూ నోరు విప్పరు, జత ఏర్పడదు. రెండు వైపులా ‘యాక్టివ్’ పెట్టడం ఉత్తమం.

మూడవ పద్ధతి ‘ఆన్’. ఇందులో సంప్రదింపులు లేవు; ఎదుట ఎవరున్నారో చూడకుండానే స్విచ్ జత కట్టేస్తుంది. తప్పనిసరి అయితే తప్ప దీని జోలికి పోరాదని మా సలహా. ఫైబరుకు చివర మీడియా కన్వర్టరు ఉన్నచోట దీని ప్రమాదం మరీ ఎక్కువ. కన్వర్టరుకు ఆవల ఫైబరు తెగినా ఈవల స్విచ్ పోర్టు దీపం వెలుగుతూనే ఉండవచ్చు. ‘ఆన్’ పద్ధతిలో స్విచ్ ఆ తెగిన దారిలోకి సందేశాలను పంపుతూనే ఉంటుంది. అప్పుడు ఒక గుమాస్తా కంప్యూటరు చక్కగా పనిచేస్తుంది, పక్క బల్లవారిది పనిచేయదు. కంప్యూటర్లు మార్చినా ఫలితం ఉండదు. ఎల్‌ఏసీపీలో ఈ చిక్కు లేదు. మామూలుగా 30 సెకన్లకొకసారి స్విచ్‌లు ఒకదానినొకటి పలకరించుకుంటాయి. 90 సెకన్ల వరకు బదులు రాకపోతే ఆ లింకును తొలగిస్తాయి. వేగవంతమైన పద్ధతిని ఎన్నుకుంటే సెకనుకొక పలకరింపు, మూడు సెకన్లలో నిర్ణయం.

దూరంనుండి పనిచేసేవారికి ఒక హెచ్చరిక. మనం ఏ లింకు ద్వారా ఆ స్విచ్‌ను చేరుకున్నామో ఆ లింకునే ‘షట్‌డౌన్’ చేయడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. ఆవలి స్విచ్ వద్ద కన్సోల్ కేబుల్‌తో ఒకరు సిద్ధంగా ఉన్న తరువాతనే, పని ఒత్తిడి లేని వేళలో, తగిన అనుమతితో దీనికి పూనుకోవాలి.

పర్యవేక్షణ

అసలు విషయం ఇక్కడ ఉన్నది. లింక్ అగ్రిగేషన్ గుణమే దాని దోషం కూడా. రెండింటిలో ఒక కేబుల్ పోయినా ఎవరి పనీ ఆగదు; కనుక ఎవరూ ఫిర్యాదు చేయరు. ఒక స్టోర్సు భవనాన్ని ఊహించుకుందాం. మే నెలలో ఎలుక ఒక కేబుల్‌ను కొరికింది. పని సాగుతూనే ఉన్నది. జూలైలో కాలువ తవ్వే యంత్రం రెండవదానిని తెంచింది. ఆనాడు భవనం అంతా చీకటిలో పడుతుంది. ‘రెండు కేబుళ్లు ఉన్నాయి కదా?’ అని పైవారు అడుగుతారు. ఉన్నది ఒకటేనని రెండు నెలలుగా ఎవరికీ తెలియదు.

అందువల్ల కొన్ని ఆదేశాలు మనకు కంఠస్థం కావాలి. మొదటిది ‘షో ఈథర్‌ఛానెల్ సమ్మరీ’. ఇందులో ఉమ్మడి పోర్టు పక్కన బ్రాకెట్లలో ‘ఎస్‌యూ’ అని ఉంటే అది వాడుకలో ఉన్నదని అర్థం. చాలామంది ఇంతటితో తృప్తి చెందుతారు. అది చాలదు. ఒక్క సభ్యుడు మిగిలినా అక్కడ ‘ఎస్‌యూ’ అనే కనిపిస్తుంది. అదే వరుసలో చివర ఉన్న ఒక్కొక్క పోర్టునూ చూడాలి. ‘పి’ అంటే జట్టులో ఉన్నది. ‘డి’ అంటే లింకు పడిపోయినది. ‘ఐ’ అంటే జట్టులో చేరక ఒంటరిగా నడుస్తున్నది. చిన్న అక్షరంలో ‘ఎస్’ అంటే పొంతన కుదరక నిలిపివేయబడినది. ‘హెచ్’ అంటే అవసరానికి వేచి ఉన్నది.

రెండవది ‘షో ఇంటర్‌ఫేసెస్ పోర్ట్-ఛానెల్ 1’. రెండు గిగాబిట్ లింకులూ బాగుంటే బ్యాండ్‌విడ్త్ 20,00,000 కిలోబిట్లుగా చూపుతుంది. 10,00,000 అని కనిపించిందంటే ఒకటి పోయినట్లే.

మూడవది ‘షో ఎల్‌ఏసీపీ నెయిబర్’. పోర్టులన్నింటికీ ఆవల ఒకే స్విచ్ గుర్తింపు కనిపించాలి. వేరు గుర్తింపు ఉంటే ఒక కేబుల్ పొరపాటున మరో స్విచ్‌కు వెళ్లినదన్నమాట. నాలుగవది ‘షో ఎల్‌ఏసీపీ కౌంటర్స్’. పంపిన పలకరింపుల లెక్క పెరుగుతూ, అందినవాటి లెక్క నిలిచిపోతే ఆవలినుండి వచ్చే దారిలో లోపం ఉన్నదని గ్రహించాలి.

పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట ఉమ్మడి పోర్టును మాత్రమే కాక ప్రతి సభ్య పోర్టునూ అందులో చేర్చాలి. ఉమ్మడి పోర్టు ఒక్కటే ఉంటే, రెండూ పోయేదాకా హెచ్చరిక రాకపోవచ్చు.

రద్దీనీ గమనించాలి. ఒక్కొక్క గిగాబిట్ లింకుపై 700 మెగాబిట్ల చొప్పున నడుస్తున్నప్పుడు ఒకటి పోతే, మిగిలిన దానిపై 1400 మెగాబిట్ల భారం పడుతుంది. అది మోయలేదు. రెండు లింకుల జత నిజంగా ఆపద్బాంధవి కావాలంటే, రద్దీ వేళలో కూడా రెండింటి మొత్తం ఒక లింకు సామర్థ్యాన్ని మించరాదు. మించిన నాడు మూడవ లింకుకు ప్రతిపాదన పంపవలసినదే.

అలాగే రెండు కేబుళ్లనూ ఒకే కందకంలో వేయడం వల్ల ప్రయోజనం లేదు. ఒకే గునపం పోటు రెండింటినీ తెంచుతుంది. వీలున్నంతవరకు వేర్వేరు దారులలో వేయించాలి.

మన బాధ్యత

మనం డీజిల్ జనరేటరును కరెంటు పోయేదాకా ఆగి పరీక్షించము. అప్పుడప్పుడు నడిపి చూస్తాము. అగ్నిమాపక పరికరాలకు తనిఖీ తేదీ వేసి గోడకు తగిలిస్తాము. జంట లింకులకూ అదే న్యాయం వర్తించాలి. షిఫ్టు మారేటప్పుడు ‘షో ఈథర్‌ఛానెల్ సమ్మరీ’ ఫలితాన్ని లాగ్ పుస్తకంలో రాయడానికి రెండు నిమిషాలు చాలు. మూడు నెలలకొకసారి, అనుమతి తీసుకొని, సెలవు దినాన ఒక కేబుల్‌ను తీసి, పని సాగుతున్నదో లేదో చూచి, తిరిగి తగిలించి, రెండవదానినీ అదే విధంగా పరీక్షించాలి. రెండు పోర్టుల పక్కనా మళ్లీ ‘పి’ కనిపించిన తరువాతనే ఆ స్థలం వదలాలి.

రెండవ కేబుల్ వేయడానికి సంస్థ ఖర్చు పెట్టింది ఆపద వేళ ఆదుకుంటుందన్న నమ్మకంతో. అది బతికి ఉన్నదో లేదో ప్రతిదినం తెలుసుకొని ఉండడమే ఆ ఖర్చుకు సార్థకత. ఈ చిన్న అలవాటును అన్ని యూనిట్లలోని మిత్రులూ పాటిస్తారని ఆశిస్తున్నాము.