చౌక రెయిన్‌కోటు తడవనీయదా?

నాగోల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు వానలో స్కూటరు మీద వెళ్ళేవారు రెయిన్‌కోటు వేసుకున్నా చొక్కా తడిసిందని తరచు అంటుంటారు. ఇందుకు ముఖ్యంగా రెండు కారణాలున్నాయి.

1. కుట్లు: పి.వి.సి. పొర గుండా నీరు పోదు. అయితే కుట్టులోని ప్రతి సూది రంధ్రమూ నీటికి దారే. గంటకు 60 కి.మీ. వేగంలో ఎదురుగాలి పీడనం సుమారు 17 మి.మీ. నీటి స్తంభానికి సమానం. 60 కిలోల వ్యక్తి 0.1 చదరపు మీటరు సీటుపై కూర్చుంటే అది 600 మి.మీ.కు చేరుతుంది. అందుకే తడి సీటుకు ఆనిన కుట్టు ముందుగా కారుతుంది.

2. చెమట: నీటిని రానివ్వని పి.వి.సి. పొర నీటి ఆవిరినీ పోనివ్వదు. ఆవిరి చల్లని పొరను తాకి, సాంద్రీకరణం చెంది బిందువులవుతుంది. ఖరీదైన కోట్లలోని సూక్ష్మరంధ్రాల పొర ఆవిరిని కొంత బయటికి పంపుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ ప్రయోజనం తగ్గుతుంది.

పరిశీలన: కోటు విప్పి లోపలివైపు చూడండి. తడి కుట్ల వెంట గీతలుగా ఉంటే అది వాననీరు. వీపంతటా పరచుకొని ఉంటే చెమట. మొదటి సందర్భంలో కుట్లపై లోపల టేపు అతికించిన కోటును, రెండవ సందర్భంలో చంకల వద్ద గాలి రంధ్రాలున్న వదులు కోటును ఎంచుకోవాలి.