క్షయ చికిత్స - కూలి దినము

కోరుట్ల ప్రాంతమున ఏ పల్లెకు పోయినను, అరుగుల మీద కూర్చుండి చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలు కనిపింతురు. సిరిసిల్లలో వీథి వీథిని సాంచాల చప్పుడు వినబడును. వేయి బీడీల కింత, మీటరు బట్ట కింత అని అచ్చట కూలి. నెల జీతములు కావు. చేయి ఆగినచో కూలియు ఆగును. ఈ సంగతి మనసున ఉంచుకొననిదే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో క్షయరోగికి చికిత్స ఏల ఆలస్యమగుచున్నదో మనకు బోధపడదు.

మందునకు వెల లేదు. సర్కారు దవాఖానాలో కళ్లె పరీక్షయు, ఆరు మాసముల మాత్రలును ఉచితముగనే ఇచ్చుచున్నారు. అయినను రోగి మొదట పోవునది అక్కడికి కాదు. రెండు వారములు దాటిన దగ్గును పొగాకు దుమ్ము వలన వచ్చినదని బీడీ కార్మికురాలును, నూలు దుమ్ము వలన వచ్చినదని సాంచా నడుపువాడును సరిపెట్టుకొందురు. పిమ్మట ఊరిలోని ఆర్.ఎం.పి. వైద్యుని యొద్ద దగ్గుమందు, ఒక సూది. ఆయనను తప్పుపట్టుట సులభమే. కాని రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవానికి తలుపు తీయువాడు ఆయనయే గదా! జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడిన పిదప, జిల్లా దవాఖానాకై కరీంనగరము దాక పోవలసిన దూరము తగ్గినది. దవాఖానా వరుసలో గడచు దినపు కూలి మాత్రము పోవుచునే యున్నది.

ఇంకొక భయము కలదు. ఈ ప్రాంతము నుండి అనేకులు గల్ఫు దేశములకు కూలికి పోవుచున్నారు. ప్రయాణమునకు ముందు ఛాతీ ఎక్స్‌రే తీయుదురు. క్షయ గుర్తు కనబడినచో, అది మానిన మచ్చయే యైనను, ప్రయాణము ఆగవచ్చును. అప్పు తెచ్చి ఏజెంటుకు డబ్బు కట్టినవాడు దగ్గును దాచుటలో వింత యేమున్నది? దాచినకొలది ఇంటిలోని పిల్లలకు సోకు ప్రమాదము పెరుగును.

ఒకప్పుడు క్షయరోగి ఇల్లు విడిచి, మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమునకో, వికారాబాదు దగ్గరి అనంతగిరికో పోయి మాసముల తరబడి ఉండవలసినవాడు. 1956లో మద్రాసున ఆరంభమైన పరిశోధన ఆ పద్ధతిని మార్చినది. నగరపు పేదవాడలలోని రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమును శానిటోరియమున ఉంచి, రెండవ భాగమునకు ఇంటి వద్దనే మందులిచ్చిరి. ఇరుకిండ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారును శానిటోరియమువారితో దాదాపు సమానముగ కోలుకొనిరి. రోగి ఇంటనున్నందువలన కుటుంబమునకు రోగము అదనముగ సోకలేదు. 1959లో ఈ ఫలితములు వెలువడిన పిమ్మట ఇంటి చికిత్స ప్రపంచమంతట వ్యాపించినది.

మొదటి రెండు మాసములు నాలుగు మందులు, తరువాత నాలుగు మాసములు మూడు మందులు వాడవలెను. వానిలో రిఫాంపిసిన్ అనునది మూత్రమును నారింజ రంగునకు మార్చును. ముందుగ చెప్పనిచో, రక్తము పోవుచున్నదని జడిసి రోగి మాత్రలు మానివేయును. ఆ మాట చెప్పుటకు అర నిమిషము పట్టదు! కొన్ని వారములకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, బలము చేకూరుటయు ఒక చిక్కే. నయమైనదనుకొని రోగి పనిలో చేరి మాత్ర మరచును. మిగిలిన క్రిములు మందునకు లొంగనివై తిరిగి విజృంభించును. అట్టి మొండి క్షయకు చాలకాలము ఏడాదిన్నర, అంతకు మించియు మందులు వాడవలసి వచ్చెడిది. 2024లో మన దేశము ఆమోదించిన నూతన పద్ధతి తగినవారికి దానిని ఆరు మాసములకు తగ్గించినది.

పోషణకై 2018 ఏప్రిల్ నుండి రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేయుచుండిరి. 2024 నవంబరు నుండి అది 1000 రూపాయలైనది. పని మానిన నెల కూలికి అది ఏ మూలకు? అయినను తిండిని తేలికగ చూడరాదు. ఝార్ఖండులో జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో, రోగితోపాటు ఇంటివారికి కూడ ఆహారదినుసులు ఇచ్చినచోట, ఆ ఇండ్లలో కొత్తగ క్షయ సోకుట సుమారు నలువది శాతము తగ్గినది.

తెల్లవారి లేచినంతనే వచ్చు కళ్లె పరీక్షకు శ్రేష్ఠము. కనుక సాయంకాలము బీడీలు అప్పజెప్పు చోటనే, సాంచాల షిఫ్టు మారు వేళనే ఆశా కార్యకర్త డబ్బీలు పంచి, మరునాటి ఉదయము ఇంటివద్దనే వానిని తీసికొనిపోవు ఏర్పాటు కావలెనని మా అభిప్రాయము. అందుకు ఆసాములును, బీడీ కమీషనుదారులును ఇయ్యవలసినది ఒక బల్ల, ఒక పావుగంట.